కుప్పడపు నేతయు కంప్యూటరు విద్యయు

గద్వాల చీర మడత విప్పి చూడని గృహిణి మన సీమలో నుండదు. ఆ చీర నడుము నూలు. అంచులును కొంగును పట్టు. నూలునకును పట్టునకును స్వభావము వేరు, బరువు వేరు. ఐనను మగ్గముపై నొక నాడె నడిమి నూలును, ఇరువైపుల రెండు నాడెలు అంచులను నేయుచుండ, రెండును కలియు చోట పేకపోగులు ఒకదానినొకటి పెనవేసికొని పోవును. దీనినే కుప్పడమందురు. చీర నాణ్యమెరిగిన ముసలమ్మలు మొదట జరీని చూడరు. ఆ కూడలిని వ్రేళ్ళతో తడవి చూతురు.

ఈ సంగతి మాకిప్పుడేల జ్ఞప్తికి వచ్చినదనగా, మా ఆడుబిడ్డ కుమార్తె వనపర్తి నుండి వచ్చి ఆరు మాసములుగా గద్వాలలో మా యింటనే యుండి కంప్యూటరు విద్యలో నొక శాఖను అభ్యసించుచున్నది. వనపర్తికి యంత్రవిద్య క్రొత్త గాదు. అచటి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ విద్యాలయము 1959లోనే నెలకొన్నది. మాకు మాత్రము నాగర్‌కర్నూలులో మా తండ్రిగారు ఇంటియొద్దనే అమరమును, రఘువంశమును చెప్పిరి గాని యంత్రముల వాసనయైన సోకలేదు. రాత్రి వంటయిల్లు సర్దిన పిదప ఆ పిల్ల ప్రక్కన గూర్చుండి అడిగి తెలిసికొన్న మాటలనే ఇచట వ్రాయుచున్నాము.

పూర్వము ప్రోగ్రాము వ్రాయువారు ప్రతి పనికిని మొదటినుండి చివరివరకు అంతయు తామే వ్రాసెడివారట. 1968లో జర్మనీ దేశమున గార్మిష్ అను ఊర జరిగిన సభలో డగ్లస్ మెకిల్‌రాయ్ అను నాయన, ఇతర పరిశ్రమలలో మరలను, చక్రములను వేరువేరుగ చేసి అమర్చునట్లు ప్రోగ్రాములను సైతము విడిభాగములుగ సిద్ధపరచి, కావలసినవారు కావలసినవి తెచ్చి కూర్చుకొనవలెనని ప్రతిపాదించెను. ఇప్పుడు వెబ్ పుటలు మొదలు బ్యాంకుల లెక్కల వరకు పని అట్లే సాగుచున్నది. పేరు వ్రాయు గడి యొక భాగము. రొక్కము లెక్కించునది వేరొక భాగము. రసీదు పంపునది మరియొకటి. ఒక్కొక్క భాగము లోపల నేమి చేయునో ఇతర భాగములకు తెలియ నక్కర లేదు. ఏమి యడిగిన నేమి యిచ్చునో ఆ కట్టుబాటు మాత్రము తెలిసిన చాలును. మన యింట పప్పు రుబ్బిన చేయియే పొయ్యి వెలిగింపవలెనని లేదు గదా.

భాగములు చేయుట కంటె వానిని కలుపుటయే కష్టము. ఒక కచేరిలో ఇరువదియేండ్ల క్రిందటి ప్రోగ్రాము, వేరొక కచేరిలో నిన్నటిది. ఒకదాని భాష మరియొకదానికి రాదు. ఈ కలుపుడు పనిని నేర్చుటయే ఆ పిల్ల చదువులోని ముఖ్యభాగము. 2011 నవంబరు 4వ తేదీన ఆనాటి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన మీసేవ ఇట్టిదే: అనేక శాఖల పత్రములు ఒక్క గవాక్షమున దొరకునట్లు వెనుక శాఖలన్నిటిని ముడివేసిరి. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి సాగుభూమికి రిజిస్ట్రేషనును, పట్టా మార్పిడిని తహసీలుదారు కచేరిలో ఒకే పూట జరుగునట్లు కూర్చెను. 2025 ఏప్రిలులో దాని స్థానమున భూభారతి వచ్చినది. పేరులో నొక్క అక్షరము తేడాపడి కచేరుల చుట్టు తిరిగిన సోదరీమణులకు ఈ ముడులు గట్టిగ నుండుట ఎంత యవసరమో మేము చెప్పవలసిన పనిలేదు.

ఒక ప్రోగ్రాము వేరొక దానికి కబురంపినచో, ఆ కబురు తెచ్చినవాడు మనవాడే యని యెట్లు నమ్ముట యని మేమడిగితిమి. “అత్తా, ఆంజనేయులు ఉంగరము చూపలేదా?” అని నవ్వినది. నిజమే. సీతమ్మ ఉంగరము చూచి దూతను నమ్మెను. చూడామణి యిచ్చి, తన్ను చూచినట్లు స్వామికి గురుతు పంపెను. ఈ యంత్రములు సైతము కబురుతోపాటు ఒక రహస్యపు గురుతును పంపుకొనును. దానిని టోకెనందురు. ఇంత పాత సంగతికి ఇంత క్రొత్త పేరా యని మేము విస్తుపోతిమి.

ఇక మా యింట జరిగిన ముచ్చట. మా వీథిలో పండ్రెండుగురు స్త్రీలము కలిసి పొదుపు సంఘము నడుపుకొనుచున్నాము. అభ్యాసార్థము ఆ పిల్ల మా లెక్కలకు చిన్న వెబ్ పుట కట్టెను. అందు రెండు భాగములు: బ్యాంకు నుండి ఫోనునకు వచ్చు సందేశమును చదువునది యొకటి, నెలవారీ చిట్టా వ్రాయునది యొకటి. రెండవదానిని తాను వ్రాయక, ఉచితముగ దొరకినదానిని తెచ్చి అమర్చెను. ఏప్రిలు నెల వాయిదాను పదునొకండుగురము రొక్కముగ చెల్లించితిమి. చేతితో చిట్టాలో నెక్కించినారు. ఒక్క సోదరి మాత్రము ఏడవ తేదీన కుమారుని ఫోను ద్వారా పంపెను. నెలాఖరు సభలో పుట తెరువగా ఆమె పేరు ఎదుట ఎఱ్ఱ యక్షరములతో బాకీ యని పడెను.

ఆమె ఏమియు అనలేదు. కూలి డబ్బులో మిగిల్చి కట్టిన మనిషి. చెంగు సర్దుకొని లేచి వెళ్లిపోయెను. ఆ రాత్రి మా పిల్ల అన్నము ముట్టలేదు.

తెల్లవారి వెదకగా దోషము దొరకినది. సందేశము చదువు భాగము మన వాడుక ప్రకారము ముందు తేదీ, పిదప నెల వ్రాసెను. చిట్టా భాగము అమెరికా వారి వాడుకను ముందు నెల, పిదప తేదీ యని చదివెను. ఏప్రిలు 7 కాస్త జూలై 4 ఆయెను. పదునేడవ తేదీయైనను బాగుండెడిది. పదునేడవ నెల లేదని యంత్రమే ఎదురు తిరిగియుండును. రెండు భాగములును తమ తమ పని తప్పులేక చేసినవి, చెడినది కూడలి.

ఇట్టి పొరపాటు పెద్దలకును తప్పలేదు. 1999 సెప్టెంబరులో అమెరికా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక అంగారకుని చేరబోవు సమయమున నష్టమైనది. భూమిపైనున్న ఒక ప్రోగ్రాము బలమును పౌనుల లెక్కన తెలుపగా, దానిని గ్రహించునది న్యూటనుల లెక్కన చదివెనట.

పిల్ల రెండు భాగముల నడుమ ద్విభాషి వంటి చిన్న ప్రోగ్రామును నిలిపెను. ఏ తేదీయైనను ముందు సంవత్సరము, పిదప నెల, తుదను దినము అను వరుసకు మార్చి గాని ముందుకు పంపదు. ఈ వరుస 1988లోనే ప్రపంచ ప్రమాణముగ ప్రకటింపబడినదట. తరువాత రెండు దినములు కూర్చుండి, కావలెనని తప్పు తేదీలు, లేని తేదీలు ఇచ్చి పరీక్షించెను. ఈ పరీక్షను ముందే చేయవలసినదని మేము మందలించితిమి, తలవంచుకొని విన్నది.

హైదరాబాదులో శిక్షణకు పంపుటకు మా ఆడుబిడ్డ గారికి వసతి లేదు. పిల్ల ఒకరు వాడి విడిచిన ల్యాప్‌టాపు కొని, ముందు పుటలు వ్రాయు హెచ్‌టీఎంఎల్, పిదప జావాస్క్రిప్టు, జావా, డేటాబేసులను ప్రశ్నించు ఎస్‌క్యూఎల్ అను వరుసలో నేర్చుకొన్నది. ఐఐటీల యాచార్యుల పాఠములు ఎన్‌పీటీఈఎల్ ద్వారా ఇంటనే వినవచ్చును. ఇంగ్లీషు మొదట కొరుకుడు పడలేదు. మా వారు సాయంకాలము బడినుండి వచ్చి గంటసేపు చదివి చెప్పెడివారు. యంత్రము తెలియకున్నను వాక్యము తెలియును గదా.

ఆ సోదరి యింటికి పిల్లను వెంటబెట్టుకొని మేమే వెళ్లితిమి. తప్పు తనదని పిల్ల చెప్పుకొన్నది. తరువాతి సభలో పండ్రెండుగురి యెదుటను మరల చెప్పినది. మే నెల వాయిదాను ఆమె తిరిగి ఫోను ద్వారానే పంపి, పంపిన వెంటనే మా యింటికి వచ్చి, తేదీ సరిగా పడినదో లేదో కన్నులార చూచుకొని మరి వెళ్లినది.