సాంఘిక శాస్త్ర పరిశోధనకు ఉచిత ఆధారాలు

భిన్న భాషలు, భిన్న వృత్తులు, భిన్న ఆచారాలు గల ప్రజలు ఒకే జాతిగా కలిసి జీవిస్తున్న దేశం మనది. ఈ ప్రజల స్థితిగతులు ఏ మేరకు మారుతున్నాయి, వారు ఏ కారణంగా ఒక చోటు విడిచి మరొక చోటికి తరలిపోతున్నారు అన్న ప్రశ్నలకు ఊహలు సమాధానం కాజాలవు. వాటికి ఆధారాలు కావాలి. ఒకప్పుడు అట్టి ఆధారాలు పెద్ద నగరాల గ్రంథాలయాలలో మాత్రమే దొరికేవి. జిల్లా కేంద్రంలో చదువుకునే విద్యార్థి జనాభా లెక్కల సంపుటి ఒకటి చూడదలిస్తే రైలు చార్జీలకూ, నగరంలో బసకూ డబ్బు సమకూర్చుకోవలసి వచ్చేది. నేడు ఆ సంపుటాలలో చాలా భాగం అంతర్జాలంలో ఎవరికైనా ఉచితంగా లభిస్తున్నాయి.

అయితే లభ్యత వేరు, వినియోగం వేరు. ఉచితంగా దొరికే అంకెలు ఎంత విస్తారంగా ఉన్నాయో, వాటిని తప్పుగా అర్థం చేసుకునే అవకాశమూ అంత విస్తారంగా ఉన్నది. ప్రతి అంకె వెనుక ఒక ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నను ఎవరు, ఎప్పుడు, ఏ మాటలలో అడిగారో తెలియనిదే ఆ అంకెకు అర్థం లేదు. ఈ విషయాన్ని స్పష్టం చేయడానికి వలస అనే ఒక్క అంశాన్ని ఉదాహరణగా తీసుకొని, దానికి సంబంధించిన ఉచిత ఆధారాలు ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఏ విధంగా చదవాలో పరిశీలిద్దాం.

ముందు ప్రశ్న, తరువాత అన్వేషణ

పాలమూరు కూలీలు దేశంలో అనేక ప్రాజెక్టుల వద్ద మట్టి పని చేశారు. శ్రీకాకుళం తీరంలోని మత్స్యకారులు గుజరాత్ తీరానికి వెళ్లి పడవలపై పని చేస్తున్నారు. పశ్చిమ ఒడిశా నుండి కుటుంబాలకు కుటుంబాలే తెలంగాణలోని ఇటుక బట్టీలకు వస్తున్నాయి. ఇవి అందరూ ఎరిగిన విషయాలే. కాని ఇలా వెళ్లేవారు ఎందరు, ఎంత కాలానికి వెళతారు, వారిలో రాష్ట్రం సరిహద్దు దాటేవారెందరు అని అడిగితే సమాధానం అంత సులభం కాదు.

‘వలస’ అన్న ఒక్క మాటతో అన్వేషణ ప్రారంభిస్తే వేలాది పుటలు ముందుకు వస్తాయి. వాటిలో సగం ఒకదానిని చూసి మరొకటి వ్రాసినవే. కనుక పరిశోధకుడు ముందుగా తన ప్రశ్నను మూడు విధాల పరిమితం చేసుకోవాలి: ఏ ప్రాంతం, ఏ కాలం, ఏ రకమైన వలస? ఈ మూడూ తేలిన పిదప ఏ ఆధారం వద్దకు పోవలెనో దానంతట అదే బోధపడుతుంది.

జనగణన ఏమి చెబుతుంది?

మన దేశంలో తొలి జనగణన 1872లో జరిగింది. దేశమంతటా ఏకకాలంలో జరిగిన గణన 1881 నాటిది. అది మొదలు 2011 వరకు పదేళ్లకొకసారి క్రమం తప్పకుండా జనాభా లెక్కలు సేకరించారు. 2021లో జరగవలసిన గణన వాయిదా పడింది. 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా తీసుకొని దానిని జరపనున్నట్లు 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. పాత నివేదికలతో సహా ఈ గణనల పట్టికలు భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయపు వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి. వాటిలో ‘డి’ వరుస పట్టికలు వలసకు సంబంధించినవి.

గతంలో జన్మస్థలాన్ని బట్టి మాత్రమే వలసను గుర్తించేవారు. ఇంతకుముందు ఎక్కడ నివసించారన్న ప్రశ్నను 1971లోను, వలసకు కారణమేమిటన్న ప్రశ్నను 1981లోను చేర్చారు. అందుచేత 1961 నాటి అంకెలను తరువాతి వాటితో పోల్చదలచినవారు జన్మస్థలపు పట్టికలనే చూడవలసి ఉంటుంది.

2011 గణన ప్రకారం పూర్వ నివాసం వేరే చోట ఉన్నవారు దేశంలో సుమారు 45 కోట్ల 60 లక్షల మంది. అంటే జనాభాలో 37.6 శాతం. వీరిలో రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చినవారు 5 కోట్ల 40 లక్షల ప్రాంతం. మిగిలిన వారిలో అత్యధికులు సొంత రాష్ట్రంలోనే ఒక ఊరి నుండి మరొక ఊరికి మారినవారు. స్త్రీల విషయంలో ప్రధాన కారణం వివాహం. పెండ్లియై పక్క ఊరిలోని అత్తవారింటికి వెళ్లిన ఆడపడుచు కూడా ఈ లెక్కలో వలస వచ్చిన వ్యక్తియే. ఇది తెలియక ‘దేశంలో 45 కోట్ల మంది వలస కార్మికులు’ అని వ్రాసినవారు లేకపోలేదు.

నమూనా సర్వేల తీరు

1950లో ప్రొఫెసర్ మహలనోబిస్ చొరవతో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వే మరొక ముఖ్యమైన ఆధారం. దీని నివేదికలే గాక, ఒక్కొక్క కుటుంబం ఇచ్చిన సమాధానాలను పేర్లు, చిరునామాలు తొలగించి భద్రపరచిన మూల గణాంకాలు కూడా కేంద్ర గణాంక మంత్రిత్వశాఖ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకున్నవారికి ఉచితంగా లభిస్తాయి. ప్రచురితమైన పట్టికలో తన ప్రశ్నకు సమాధానం దొరకనప్పుడు పరిశోధకుడు వీటి నుండి స్వయంగా పట్టిక తయారు చేసుకోవచ్చు.

2007-08లో జరిగిన 64వ విడత సర్వే జనాభాలో వలస వచ్చినవారు 28.5 శాతమని తేల్చింది. 2020-21 నాటి శ్రామిక శక్తి సర్వే ప్రకారం అది 28.9 శాతం. ఈ రెండింటి మధ్య 2011 జనగణన అంకె 37.6 శాతాన్ని ఉంచి చదివితే ఏమి తోస్తుంది? నాలుగేళ్లలో వలస అమాంతంగా పెరిగి, ఆ తరువాత పదేళ్లలో మళ్లీ పడిపోయిందని తోస్తుంది. ఈ నిర్ణయం పూర్తిగా తప్పు. జనగణన పూర్వ నివాసంలో ఎంతకాలం ఉన్నారన్న నియమం పెట్టుకోలేదు. నమూనా సర్వే మాత్రం ఆరు మాసాలు, అంతకు మించి వరుసగా ఉన్న చోటునే సాధారణ నివాసంగా పరిగణించింది. కొలబద్దలు వేరైనప్పుడు కొలతలు వేరుగా ఉండక తప్పదు. జనగణనను జనగణనతోను, సర్వేను సర్వేతోను పోల్చాలే గాని ఒకదానిని మరొకదానితో ముడివేయరాదు.

లెక్కకు అందనివారు

అసలు చిక్కు సీజను వలసతో వస్తుంది. 2011లో జనగణన ఫిబ్రవరి 9 నుండి 28 వరకు జరిగింది. అది ఇటుక బట్టీల పని జోరుగా సాగే కాలం. బట్టీ వద్ద గుడిసెలో ఉన్న కుటుంబం వద్దకు గణకుడు చేరితేనే ఆ కుటుంబం అక్కడ లెక్కకు వస్తుంది. నమూనా సర్వే 2007-08లో ఒక మాసం నుండి ఆరు మాసాల వరకు పనికై ఊరు విడిచి వెళ్లినవారిని గురించి ప్రత్యేకంగా అడిగింది. గ్రామీణ జనాభాలో వారు 1.7 శాతమని తేలింది. అయితే ఊరిలో మిగిలిన ఇంటివారు చెప్పినప్పుడే ఈ వివరం తెలుస్తుంది. ఇంటిల్లిపాదీ తరలిపోయి, తలుపుకు తాళం పడిన చోట సమాధానం చెప్పేవారుండరు. అన్నింటికంటె నిస్సహాయులే ఈ విధంగా లెక్కకు అందకుండా పోయే ప్రమాదం ఉన్నదని గుర్తించాలి.

ఇట్టి లోపాన్ని పూరించే ఆధారాలు కొన్ని ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో ఆరు గ్రామాలను ఎన్నుకొని, కుటుంబాల ఆదాయ వ్యయాలను, శ్రమను ఏళ్ల తరబడి నమోదు చేసింది. వాటిలో ఔరేపల్లి, దోకూరు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. తక్కిన నాలుగు మహారాష్ట్రలోనివి. ఈ గ్రామాల గణాంకాలు కూడా అంతర్జాలంలో పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. ఆరు గ్రామాలను చూసి దేశమంతటికీ తీర్పు చెప్పలేము. కాని కరువు వచ్చిన ఏడు ఒక కుటుంబం ఏ పశువును అమ్మింది, ఎవరిని పనికి పంపింది అన్న సూక్ష్మ వివరం జాతీయ పట్టికలలో దొరకదు.

పార్లమెంటు ప్రశ్నోత్తరాలు మరొక విలువైన గని. ఉభయ సభలలో మంత్రులు ఇచ్చిన సమాధానాలు తేదీల వారీగా లభిస్తాయి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ కారణంగా 1 కోటి 4 లక్షలకు పైగా వలస కార్మికులు స్వరాష్ట్రాలకు తిరిగి వచ్చారని అదే సంవత్సరం సెప్టెంబరు 14న కార్మిక మంత్రిత్వశాఖ లోక్‌సభకు తెలిపింది. దారిలో మరణించిన వలస కార్మికుల వివరాలు తమ వద్ద లేవని కూడా ఆనాడే తెలియజేసింది. ఒక విషయానికి లెక్క లేకపోవడం కూడా పరిశోధకునికి సమాచారమే. 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఇ-శ్రమ్ నమోదులో ఇప్పటికి 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు చేరారు. అది కార్మికులు తమంతట తాము నమోదు చేయించుకున్న జాబితా. సర్వే మాదిరిగా ఎంపిక చేసిన నమూనా కాదు.

సూటిగా లెక్క లేనిచోట పరోక్ష ఆధారాలతో అంచనా వేసే పద్ధతి ఒకటి ఉన్నది. 2016-17 ఆర్థిక సర్వే రిజర్వేషన్ లేని రైలు ప్రయాణికుల రాకపోకలను బట్టి 2011-16 మధ్య ఏటా సగటున సుమారు 90 లక్షల మంది రాష్ట్రాల మధ్య వలస వెళ్లారని అంచనా వేసింది. ఆర్థిక మంత్రిత్వశాఖ వెబ్‌సైట్‌లో ఉన్న ఈ అధ్యాయం, అంకె కొరకు మాత్రమే గాక, పద్ధతిని నేర్చుకునేందుకు కూడా చదవదగినది.

గ్రంథాలు, సిద్ధాంత వ్యాసాలు, చరిత్ర పత్రాలు

గణాంకాల పిదప ఇతరులు చేసిన కృషిని తెలుసుకోవాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ‘శోధ్‌గంగ’లో దేశంలోని విశ్వవిద్యాలయాలకు సమర్పించిన పిహెచ్‌.డి. సిద్ధాంత వ్యాసాలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. వాటి నాణ్యత ఒకే తీరుగా ఉండదు. అయినా స్థానిక విషయాలపై క్షేత్ర పరిశీలన, ప్రశ్నావళి, గ్రంథసూచి ఒకే చోట దొరకడం గొప్ప సౌకర్యం. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. రూపొందించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం అనేక సంస్థల సంపదను ఒకే వాకిట చేర్చింది. 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన ‘డి.ఒ.ఎ.జె.’ సూచిక ద్వారా చందా లేకుండా చదవగల విద్వత్పత్రికలను కనుగొనవచ్చు.

2025 జనవరిలో ప్రారంభమైన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద సుమారు 13 వేల పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. కాని ఇది ఆయా సంస్థలకు చెందినవారికి మాత్రమే లభించే సదుపాయం. ప్రైవేటు కళాశాలలోనివారు, ఏ సంస్థకూ చెందని జిజ్ఞాసువులు బహిరంగ ఆధారాల మీదనే ఆధారపడవలసి ఉన్నది. వారికొక మార్గం: చందా పత్రికలో వచ్చిన వ్యాసానికి తొలి ప్రతిని రచయితలు తమ విశ్వవిద్యాలయపు భాండాగారంలో ఉంచడం కద్దు. వ్యాసం పేరుతో వెదికితే అది దొరకవచ్చు.

చరిత్రకు పోదలచినవారికి జాతీయ అభిలేఖాగారపు ‘అభిలేఖ్ పటల్’, షికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయం, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉపకరిస్తాయి. విట్లీ అధ్యక్షతన పనిచేసిన రాయల్ కార్మిక కమిషన్ 1931లో సమర్పించిన నివేదికను నేడు ఇంటివద్దనే చదువుకోవచ్చు. చట్టాల పాఠాలు ‘ఇండియా కోడ్’లో లభిస్తాయి; 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టాన్ని, ఆ అంశాలను తనలో చేర్చుకున్న 2020 నాటి శ్రామిక స్మృతిని పక్కపక్కన పెట్టి చదవడం ప్రయోజనకరం.

పేర్లు, సరిహద్దులు

పాత పత్రాలను వెదికేటప్పుడు ఆనాటి మాటలతోనే వెదకాలి. బర్మాకు వెళ్లిన తెలుగు కూలీలను కోరంగి రేవును బట్టి ‘కొరింగీలు’ అని పిలిచేవారు. ఇంకా పాత గ్రంథాలలో తెలుగువారు ‘జెంటూలు’గా కనిపిస్తారు. ‘తెలుగు’ అన్న మాటతో మాత్రమే వెదికేవారికి ఈ పత్రాలు చాలావరకు కనబడవు.

సరిహద్దులు మరొక సమస్య. 2011 నాటి మహబూబ్‌నగర్ జిల్లా 2016 అక్టోబరులో విభజింపబడింది. నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట కూడా వేరైంది. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలను 2022 ఏప్రిల్‌లో 26గా విభజించారు. ఒకే పేరు గల జిల్లా రెండు కాలాలలో ఒకే ప్రాంతం కానప్పుడు, మండలాల వారీగా అంకెలను కూర్చుకొని మాత్రమే పోల్చాలి.

ఆధారం దొరికిన వెంటనే సంస్థ పేరు, సంవత్సరం, పట్టిక సంఖ్య, చూసిన తేదీ వ్రాసుకొని, ఒక ప్రతిని భద్రపరచుకోవాలి. వెబ్‌సైట్ల చిరునామాలు తరచు మారుతుంటాయి. పత్రికలోనో, ఉపన్యాసంలోనో వినిపించిన అంకెను దాని మూలం చూడనిదే వాడరాదు.

ప్రజల సొమ్ముతో, ప్రజలు ఓపికగా చెప్పిన సమాధానాలతో తయారైన గణాంకాలివి. వీటిపై ప్రజలందరికీ హక్కు ఉన్నది. వీటిని నిజాయితీతో చదవవలసిన బాధ్యత వాడుకునేవారిపై ఉన్నది. వలస కార్మికునికి రేషను ఏ రాష్ట్రంలో అందాలి, అతని బిడ్డలకు ఏ భాషలో చదువు చెప్పాలి అన్న నిర్ణయాలు ఇట్టి అంకెలను ఆధారం చేసుకొనే జరుగుతాయి. లెక్క తప్పితే నష్టపోయేది లెక్కలో చేరని మనిషే. మారుమూల పట్టణంలో కూర్చొని ఒక పట్టికను దాని నిర్వచనంతో సహా శ్రద్ధగా చదివే విద్యార్థి ఆ మనిషికి, తన్మూలంగా ఈ దేశానికి, ఎంతో మేలు చేసినవాడవుతాడు.