జపానీయుల దారుఫలక చిత్రముద్రణము

2024వ సంవత్సరము జూలై నెలలో జపాను దేశమున వెలువడిన వేయి యెన్ల నోటు వెనుకవైపున నొక పెద్ద కెరటమును, దాని క్రిందఁ దల్లడిల్లు పడవలును, దూరమున మంచుగప్పిన ఫ్యూజీ శిఖరమును గలవు. అది హొకుసాయి యను చిత్రకారుఁడు 1831 ప్రాంతమున రచించిన చిత్రము. దాని పాతప్రతి యొకటి 2023 మార్చిలో న్యూయార్కు నగరమున జరిగిన వేలములో ఇరువదియేడు లక్షల డాలర్లకుఁ బైగాఁ బలికినది. ఇంత ప్రసిద్ధికెక్కిన చిత్రమునకు మూల మెచ్చట నున్నదని యడిగినచో, ఎచ్చటను లేదని చెప్పవలసియుండును. హొకుసాయి స్వహస్తముతో గీసిన పత్రము పలకను జెక్కునప్పుడే నశించినది. తాళపత్రప్రతులను సరిపోల్చి మాతృకను వెదకు పండితులకు ఇది వింతగాఁ దోఁపవచ్చును. కాని యీ కళయొక్క స్వభావమును, నేఁడు దానికి వాటిల్లిన చిక్కును ఈ యొక్క విషయమునందే యిమిడియున్నవి.

ముద్రణక్రమ మిట్టిది. చిత్రకారుఁడు పలుచని కాగితముపై నల్లసిరాతో రేఖలను మాత్రము గీసి యిచ్చును. చెక్కువాఁడు నిలువుచాలున గోసిన కొండచెర్రీ పలకను నునుపుచేసి, గంజి పూసి, ఆ కాగితమును బోరగిల నంటించి, వెనుకపొరను వ్రేళ్లతో నలిచి తీసివేయును. అప్పుడు రేఖలు కుడియెడమలు మాఱి పలకపైఁ గనఁబడును. ప్రతి రేఖకు నిరుప్రక్కలను గత్తితోఁ గోసి, రేఖలు లేనిచోటి కొయ్యను ఉలులతోఁ దొలఁగించును. పని ముగియునప్పటికి రేఖలు ఉబ్బెత్తుగా నిలుచును. చిత్రకారుని కాగితము కొయ్యపొట్టుతోఁ గలసిపోవును. ఈ మూలఫలకమునుండి నల్లని ప్రతులు కొన్ని తీసి చిత్రకారునికిఁ బంపుదురు. ఏ రంగు ఎచ్చట నుండవలయునో యతఁడు ఒక్కొక్క ప్రతిపై నొక్కొక్క రంగునకు గుర్తుపెట్టును. ఆ ప్రతులనుగూడ వేఱు పలకల కంటించి చెక్కుదురు. ఒక్క చిత్రమునకుఁ బది, పదునైదు, ఒక్కొకప్పు డంతకుమించి ముద్రలు వేయవలసివచ్చును.

ఇన్ని పలకలమీఁద నొకే కాగితమును బెట్టునప్పుడు రంగులు తమ గీఁతలు దాఁటకుండుట యెట్లు? ఇందులకు ప్రతిపలకకు నొక మూలను మడతగీఁటువంటి గాడిని, అదే యంచున మఱియొకచోఁ దిన్నని గాడిని జెక్కియుంతురు. వీనికిఁ గెంటో యని పేరు. కాగితపు మూల మొదటి గాడియందును, అంచు రెండవదానియందును ఆనినచోఁ బ్రతిరంగును తన తావుననే పడును. 1765లో సుజుకి హరునొబు మొదలగువారు రసికుల కోరికపైఁ బంచాంగచిత్రములను రచించుచు అనేకవర్ణముద్రణమును సిద్ధికిఁ దెచ్చిరి. జరీపట్టును బోలియున్నవని ఆ చిత్రములకు నిషికి-యె, అనఁగా పట్టుచిత్రము లని పేరువచ్చినది.

అచ్చువేయుటకు యంత్రములేదు. పెడనలో అద్దకపువారు టేకుకొయ్య అచ్చును రంగులో ముంచి వస్త్రముపై నొత్తుట తెలిసినవారు దానికి విపర్యయముగ నీ పద్ధతిని భావింపవచ్చును. ఇచ్చట పలక వెల్లకిల నుండును. కాగితమే దానిపైకి వచ్చును. నీటిలోఁ గలిపిన రంగును, కొంచెము బియ్యపుగంజిని పలకపై వేసి గుఱ్ఱపువెండ్రుకల కుంచెతోఁ బఱచి, తడిపియుంచిన కాగితమును పైనిడి, వీఁపున బారెన్ అను గుండ్రని సాధనముతో రుద్దుదురు. వెదురుపొర నారను సన్నత్రాళ్లుగాఁ బేని, చుట్టచుట్టి, కాగితపుపొరలతోఁ జేసిన బిళ్లలో నమర్చి, పైని వెదురుపొరను గప్పి బిగించిన దీ బారెన్. చూపునకు చిన్నవస్తువే కాని, మేలైన బారెన్ చేయుటకు మాసములు పట్టును. ఆ త్రాటి ముడులలోని యొత్తిడివలన రంగు కాగితపుఁ బీచులలోనికి దిగును. అందుచేతనే ఈ చిత్రముల వర్ణము పైపూఁతవలెఁ గాక లోపలినుండి వెలుఁగుచున్నట్లుండును. ఆకాశము పైని ముదురునీలముగ నుండి క్రిందికి రాను రాను తెల్లబాఱుట పలకలోఁ జెక్కినది కాదు. అచ్చువేయువాఁడు ప్రతికాగితమునకును దడిగుడ్డతోడను గుంచెతోడను అప్పటికప్పుడు చేయు పని. దీనిని బొకాషి యందురు. ఇంతటి రాపిడి కోర్చు కాగితము కోజోచెట్టు నారతోఁ జేసినదై యుండవలెను. ఎచిజెను సీమలో ఇట్టి హోషో కాగితమును జేయు ఇవానో ఇచిబేయి వంశమువారిలో ఎనిమిదవతరమువానిని 1968లోను, తొమ్మిదవతరమువానిని 2000లోను ప్రభుత్వము జాతీయనిధిగా గౌరవించినది.

ఇట్లు చిత్రకారుఁడు, చెక్కువాఁడు, అచ్చువేయువాఁడు, వీరి మువ్వురను గూర్చి పెట్టుబడి పెట్టు ప్రకాశకుఁడు అను నలువురి కృషివలన నొక చిత్ర మేర్పడుచున్నది. చిత్రముపై మాత్రము చిత్రకారుని సంతకమును, ప్రకాశకుని ముద్రయు నుండును. తక్కిన యిరువురి పేళ్లు మిక్కిలి యరుదు. ఇది న్యాయమని తోఁపదు. వనిత నొసటికడ వెండ్రుకలు మిల్లీమీటరు వెడల్పున రెండు మూఁడు చొప్పున నిలువవలయును. చిత్రకారుఁడు ఆ చోట సూచనమాత్రముగ గీసి విడుచును. వెండ్రుకలను నిజముగ సృజించువాఁడు కత్తిపట్టినవాఁడే. పూర్వపు కర్మశాలలలో ముఖమును, కేశములను గురువు చెక్కఁగా, వస్త్రములను శిష్యులు చెక్కుచుండిరి.

ఈ కళ జపానులో నింతగా వేరూనుటకు గ్రంథముద్రణమే కారణము. 770 ప్రాంతమున షోతొకు మహారాణి యాజ్ఞచే సంస్కృత ధారణీమంత్రములను అచ్చువేయించి లక్షలకొలఁది చిన్న చిన్న కొయ్యస్తూపములలో నుంచిరి. 16వ శతాబ్దము చివరను కొరియానుండియు, జెస్యూటు మతబోధకులవలనను విడియక్షరముల ముద్రణము వచ్చినది. మనోహరమైన గ్రంథములును గొన్ని వెలువడినవి. అయినను 17వ శతాబ్దము నడుమకు జపానీయులు దానిని విడిచి మరల కొయ్యపలకకే వచ్చిరి. దీనిని వెనుకబాటుగా నెంచుట పొరపాటు. వారి లిపి గొలుసుకట్టుగ నడచును. చీనాయక్షరముల ప్రక్కను ఉచ్చారణము తెలుపు చిన్నయక్షరము లుండవలెను. బొమ్మలు నడుమ రావలెను. గుణింతములను, ఒత్తులను సీసపుటక్షరములలో నిముడ్చుటకు ఆంధ్రముద్రాపకులు పడిన ప్రయాస నెఱిఁగినవారికి, వ్రాసినది వ్రాసినట్లే చెక్కఁదగిన పలక యెంత యనుకూలమో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. ఉకియో-యె యను చిత్రములు ఈ పుస్తకములనుండియే విడివడినవి. ఉకియో శబ్దము మొదట బౌద్ధులు వాడిన 'దుఃఖలోకము'. అదే ధ్వనిగల వేఱక్షరముతో వ్రాయఁగాఁ 'దేలియాడు లోకము' అయినది. నాటకశాలలు, వేశ్యావాటికలు, తీర్థయాత్రలు గల యెదో పట్టణపు జీవితమునకు శ్లేషతో నేర్పడిన పేరిది.

1868 తరువాత సీసపుటక్షరములు, శిలాముద్రణము, ఛాయాచిత్రములు వచ్చి ఈ వృత్తిని దెబ్బతీసినవి. 20వ శతాబ్దమున రెండు మార్గము లేర్పడినవి. వతనబె షోజబురో యను ప్రకాశకుఁడు పాతపద్ధతిని నిలిపి, కవసె హసుయి, ఇతో షిన్సుయి మొదలగువారిచే నూతనచిత్రములు వ్రాయించెను. 1923 నాఁటి భూకంపాగ్నిలో నతని పలకలు దగ్ధము కాఁగా మరల నారంభించెను. రెండవమార్గమువారు గీయుట, చెక్కుట, అచ్చువేయుట అను మూఁటిని చిత్రకారుఁడే చేయవలయుననిరి. 1904లో యమమొతొ కనయె చెక్కిన 'బెస్తవాఁడు' దీనికి నాంది. ఈ మార్గమున మునకత షికో 1956లో వెనిసు ప్రదర్శనమున మహాబహుమానము నందెను. ఒక్కఁడే కర్త కావలయునను భావము ఐరోపానుండి వచ్చినది. అది కళకు క్రొత్త ప్రాణమిచ్చినమాట నిజమే. కాని, కులవృత్తిగఁ గత్తిపట్టినవానికిఁ బనిలేకుండఁ జేసినదియు నదియే. 1930-31లో భారతదేశమునఁ దిరిగి తాజమహలును, మధుర మీనాక్షి కోవెలను ముద్రించిన యొషిద హిరోషి ఈ రెంటి నడుమ నడచెను. ఆయన పనివాండ్రను విడువలేదు, వారిని దన కన్ను దాఁటనీయనులేదు. అంతకుముందు 1926లో నొకే పలకలపై రంగులు మాత్రము మార్చి, తెరచాపపడవలను ఉదయము, మంచు, సంధ్య, రాత్రి యను వేళలలోఁ జూపెను.

నేఁడు తోకియోలో 1928లో వెలసిన అదాచి కర్మశాలయు, క్యోతోలో 1891నుండి నడచుచున్న ఉన్సోదో ప్రకాశనాలయము మొదలగునవియు పాతపద్ధతిని నిలుపుచున్నవి. అదాచివారు 1994లో నొక సంస్థను స్థాపించి యువకులకుఁ జెక్కుట, అచ్చువేయుట నేర్పుచున్నారు. కుసమ యయొయి గీసిన ఫ్యూజీచిత్రములోని వేలకొలఁది చుక్కలను వారి పనివాండ్రు ఒక్కొక్కటిగాఁ జెక్కిరి. అయినను వారి పనిలో హెచ్చుభాగము పాతచిత్రములను మరలఁ జెక్కుట. పూర్వపు పలకలు అరిగియో, చిత్రికపట్టఁబడి వేఱు చిత్రములకు వినియోగింపఁబడియో పోయినవి; గీసిన పత్రము మొదటనే పోయినది. కావున పాతప్రతినే ఆధారముగఁ గొని రేఖలను దిరుగ వ్రాసి చెక్కవలెను. ఇచ్చటఁ బాఠపరిష్కర్త చిక్కులన్నియు నెదురగును. తొలిముద్రలో సన్నగ నున్న రేఖ మలిముద్రలో లావెక్కును. పువ్వులరసముతోఁ జేసిన నీలము వెలుఁగు సోఁకి పసుపుగోధుమగ మాఱును. బోస్టను ప్రదర్శనశాలకు 1921లో స్పాల్డింగు సోదరులు ఎన్నఁడును బ్రదర్శింపరాదను నియమముతో నిచ్చిన చిత్రములలోనే యా రంగులు చెడక నిలిచినవి. చెక్కువాఁడు ప్రతులను సరిపోల్చి, ఏది చిత్రకారునిది, ఏది అరుగుడువలన వచ్చినదియని నిర్ణయింపవలెను. ఇట్టి పునర్ముద్రణమును నకలని తీసివేయువారు గలరు. మాతృకయే లేనిచో నకలను మాటకు అర్థమేమి?

ఇంగ్లండునఁ బుట్టి కెనడాలోఁ బెరిగిన డేవిడ్ బుల్ 1986లో జపాను చేరి, చాలవఱకు స్వయంకృషిచే నీ విద్యను నేర్చెను. అతఁడు 1989 మొదలు 1998 వఱకు, ఏడాదికిఁ బదిచొప్పున, షున్షో 1775లో రచించిన 'నూఱుగురు కవులు' చిత్రములను బద్యాక్షరములతోఁ గూడ చెక్కి ముగించెను. ఆ పద్యముల గొలుసుకట్టు లిపిని జెక్కుటలోనే పాతవారి కత్తి యెట్లు నడచినదో తెలియవచ్చునని ఈ యుద్యమమువలన స్పష్టపడుచున్నది. తరువాత నతఁడు తోకియోలోని అసకుసలోఁ గర్మశాల పెట్టి యువతీయువకులకుఁ బని నేర్పెను.

విదేశములలో ఈ నీటిరంగుల ముద్రణమున కాదరణ హెచ్చినది. 2011లో క్యోతోలో మొదలైన అంతర్జాతీయసభ 2024లో కాగితపుసీమయగు ఎచిజెనులో జరిగినది. కాని సభలకు వచ్చు కళాకారులు బహుళముగఁ దమ పలకను దామే, మెత్తని అతుకుచెక్కపైఁ జెక్కుకొందురు. వెండ్రుకరేఖలు వారి కవసరము లేదు. ఆ రేఖలకుఁ దగిన గట్టి చెర్రీపలకయు, కత్తులును, బారెనును గోరువారు కొలఁదిమంది యగుటచేత వానిని జేయువారును గొలఁదిమంది యగుచున్నారు. చెక్కువానికి చెయ్యి తిరుగుటకుఁ బదేండ్లు పట్టును. అంతవఱకు వానికి నిచ్చటిచ్చట దొరకు చిల్లరపని చాలదు. బారెనుపై వెదురుపొర కొంతపనికే చినుఁగును. అప్పుడు అచ్చువేయువాఁడు క్రొత్తపొరను దడిపి, సాగఁదీసి, వీఁపున ముడివైచి బిగించుకొనును. శిష్యుఁడు కర్మశాలలో చేరఁగానే నేర్చుకొను మొదటి పనులలో నిది యొకటి.