కాగితం మీద ఆది

ఆది అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. జాకెట్టు గుడ్డ తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్తాం. "ఆది తెచ్చారా అమ్మా?" అని అడుగుతాడు. మనకు సరిగ్గా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఇస్తాం. దాన్ని చూసి కొత్తది కుడతాడు. ఆ పాత జాకెట్టే ఆది.

మరి పాతది లేకపోతే ఎలా? పిల్లలకు డాన్సు డ్రెస్సు మొదటిసారి కుట్టాలంటే ఏ ఇంట్లోనూ దానికి ఆది ఉండదు. అప్పుడు ఆది మనమే తయారు చేసుకోవాలి. పాత పేపరు, టేపు, పెన్సిలు, కత్తెర ఉంటే చాలు. దానితోపాటు అంకెలు చదవడం రావాలి. అది మీకు వచ్చేసింది కదా!

ఇష్టం లేక కాదు

బడిలో వార్షికోత్సవం వస్తుంది. పిల్లలు డాన్సు నేర్చుకుంటారు. నెల రోజులు సంబరంగా అడుగులు వేస్తారు. ఆ తర్వాత డ్రెస్సు మాట వస్తుంది. పట్నం నుంచి అద్దెకు తేవాలి, ఇంత డబ్బు తెండి అని చెబుతారు. మర్నాడు ఒకరిద్దరు ఆడపిల్లలు వెనక్కి జరుగుతారు. "నాకు డాన్సంటే ఇష్టం లేదు టీచర్" అంటారు.

నేను బడిలో పాఠాలు చెబుతాను కాబట్టి ఈ మాట చాలాసార్లు విన్నాను. ఆ పిల్లలకు ఇష్టం లేక కాదు, ఇంట్లో అడగలేక అలా అంటారు. అమ్మానాన్నల కష్టం పిల్లలకు తెలుసు. ఒక్కరోజు వేసుకుని తిరిగి ఇచ్చేసే బట్టకు రెండు రోజుల కూలి పెట్టమని ఎలా అడుగుతారు?

నా చిన్నప్పుడు మా ఇంట్లో డాన్సు డ్రెస్సులు అమ్మే కుట్టేది. మాది కృష్ణా జిల్లా. కూచిపూడి మా ఊరికి దగ్గరే. అందుకని మా బడిలో ఏ పండగ చేసినా కూచిపూడి డాన్సు ఒకటి ఉండాల్సిందే.

డ్రెస్సులో ఏమేం ఉంటాయి?

కూచిపూడి అనేది కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఒక ఊరు. ఆ ఊరి పేరే ఆ నాట్యానికి వచ్చింది. చాలాకాలం అక్కడ మగవాళ్లే నాట్యం చేసేవారు. ఆడ వేషాలు కూడా వాళ్లే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే నిజంగా ఆడమనిషే అనుకునేవారట. తర్వాత ఆడపిల్లలూ ఈ నాట్యం నేర్చుకోవడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ ఎంతోమంది ఆడపిల్లలు నేర్చుకున్నారు.

వెనకటి రోజుల్లో నాట్యానికి చీరే కట్టుకునేవారు. ముక్కలుగా కుట్టిన డ్రెస్సు ఇటీవలి కాలంలో వచ్చింది. భరతనాట్యంలో అలాంటి దుస్తులు తెచ్చిన వారిలో రుక్మిణీదేవి అరండేల్ గారి పేరు ముందు చెబుతారు. ఆమె 1936లో మద్రాసులో కళాక్షేత్ర స్థాపించారు. కూచిపూడిలోనూ కుట్టిన డ్రెస్సు అలవాటయింది. చిన్నపిల్లలకు ఇది చాలా వీలుగా ఉంటుంది. కట్టిన చీరలాగా మధ్యలో జారిపోదు. తొడగడం కూడా తొందరగా అవుతుంది.

ఈ డ్రెస్సులో ముఖ్యంగా నాలుగు ముక్కలు ఉంటాయి. ఒకటి జాకెట్టు. రెండోది పైజామా. మూడోది ముందు వేలాడే కుచ్చిళ్లు. దీన్ని విసనకర్ర అంటారు. పిల్ల మోకాళ్లు వంచగానే అది విసనకర్రలాగే విచ్చుకుంటుంది. నాలుగోది పైట. నడుముకు పట్టీ పెడితే డ్రెస్సు పూర్తవుతుంది.

దారం ముడులు

మా అమ్మకు మిషను కుట్టడం వచ్చు. కాలితో తొక్కే మిషను మా ఇంట్లో ఉండేది. జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్సు వేసేది. కానీ అప్పటికి ఆమెకు చదువు రాదు. టేపు మీద గీతలు కనిపించేవి కానీ అంకెలు చదవడం తెలియదు.

అందుకని దారంతో కొలిచేది. ఛాతీ చుట్టూ దారం తిప్పి, కలిసిన చోట ముడి వేసేది. నడుముకు ఒక దారం, కాలికి ఒక దారం. అన్నీ ఒక డబ్బాలో వేసేది. ఒక పిల్లవి అయితే గుర్తుంటాయి. ముగ్గురు పిల్లలవి కలిస్తే ఏ దారం ఎవరిదో, ఏది ఛాతీదో ఏది నడుముదో తెలిసేది కాదు. మళ్లీ పిల్లల్ని పిలవాల్సి వచ్చేది.

మా అక్కకు మొదటిసారి డాన్సు డ్రెస్సు కుట్టినప్పుడు అమ్మ మా అమ్మమ్మ పట్టుచీర తీసింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. అక్కను నిలబెట్టి దారంతో కొలిచి, నేరుగా చీర మీదే కత్తెర పెట్టింది. పైజామా చూడ్డానికి ఎంతో బాగా వచ్చింది. రిహార్సలులో అక్క అరమండిలో కూర్చుంది. పర్రుమని తొడల మధ్య చిరిగింది. అక్క ఏడుపు. అమ్మమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ పూట అన్నం తినలేదు.

ఎందుకు చిరిగింది?

అరమండి అంటే మడమలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు రెండు పక్కలకూ వంచి సగం కూర్చోవడం. కూచిపూడిలో ఎన్నో అడుగులు ఇలా నిలబడే వేస్తారు. నిలబడినప్పుడు సరిపోయిన బట్ట, అలా కూర్చుంటే చాలదు. మోకాలు వంగితే మోకాలి మీదుగా పొడవు ఎక్కువ కావాలి. తొడల మధ్య వెడల్పు కావాలి.

అందుకని డాన్సు డ్రెస్సుకు కొలతలు పిల్లను అరమండిలో ఉంచి తీయాలి. నడుము దగ్గర టేపు పెట్టి, మోకాలి మీదుగా చీలమండ దాకా కొలవాలి. నిలబడితే 30 అంగుళాలు వచ్చిన కొలత, ఇలా తీస్తే ఇంకో అంగుళమో రెండో ఎక్కువ రావచ్చు. ఇంకో కొలత కూడా ఉంది. ముందు నడుము నుంచి కాళ్ల మధ్యగా వెనక నడుము దాకా టేపు వదులుగా వేసి కొలవాలి. పైజామా చిరిగేది ఇక్కడ తక్కువైతేనే. అమ్మ ఆ చిరిగిన చోట నాలుగు మూలల ముక్క ఒకటి అతికించింది. దాంతో పైజామాకు వెడల్పు వచ్చింది. అక్క డాన్సు చేసింది.

టేపు చదవడం

మా పెద్దలు జాన, మూర, బార అని కొలిచేవారు. రెండు జానలు ఒక మూర. రెండు మూరలు ఒక గజం. కానీ నా మూర వేరు, మీ మూర వేరు. చెయ్యి పొడుగును బట్టి మారిపోతుంది. టేపు ఎవరు పట్టుకున్నా మారదు.

టేపుకు రెండు వైపులు ఉంటాయి. ఒక వైపు అంగుళాలు, ఇంకో వైపు సెంటీమీటర్లు. ఒక అంగుళం అంటే సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఏ వైపు చదువుతున్నామో ముందు చూసుకోవాలి. 24 అంగుళాలు ఎనిమిదేళ్ల పిల్ల ఛాతీ కావచ్చు. 24 సెంటీమీటర్లు అంటే తొమ్మిదిన్నర అంగుళాలు కూడా ఉండదు!

కొట్లో గుడ్డ మీటర్లలో అమ్ముతారు. గజం అంటే 36 అంగుళాలు. మీటరు అంటే 39 అంగుళాల కన్నా కొంచెం ఎక్కువ. ఈ తేడా తెలిస్తే గుడ్డ ఎంత కొనాలో లెక్క వేసుకోవచ్చు.

కాగితం మీద గీద్దాం

తర్వాత మా అమ్మ రాత్రి బడికి వెళ్లింది. అంకెలు రాగానే ఇంటికి వచ్చి మొదట టేపు తీసింది. అప్పటినుంచి గుడ్డ మీద నేరుగా కత్తెర పెట్టడం మానేసింది. ముందు కాగితం, ఆ తర్వాతే గుడ్డ. కాగితం తప్పుగా తెగితే ఇంకో కాగితం తీసుకుంటాం. చీర తెగితే ఇంకో చీర ఎక్కడినుంచి వస్తుంది?

జాకెట్టుకు లెక్క ఇలా వేయాలి. పిల్ల ఛాతీ 24 అంగుళాలు అనుకుందాం. జాకెట్టుకు ముందు రెండు సగాలు, వెనక రెండు సగాలు. మొత్తం నాలుగు భాగాలు. 24ను 4తో భాగిస్తే 6. ఊపిరి పీల్చుకోవడానికి, చేతులు ఆడించడానికి అర అంగుళం వదులు కలపాలి. కుట్టులోకి, లోపలి మడతకి ఇంకో అంగుళం కలపాలి. మొత్తం 7½ (ఏడున్నర) అంగుళాలు. కాగితం మీద ఛాతీ దగ్గర ఇంత వెడల్పు గీయాలి.

కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి కాబట్టి సగమే గీస్తే చాలు. వెనక భాగానికి గుడ్డను మడిచి, కాగితం అంచును మడత మీద పెట్టి కత్తిరించాలి. విప్పితే పూర్తి ముక్క వస్తుంది. ముందు భాగం హుక్కుల దగ్గర తెరుచుకుంటుంది కాబట్టి అక్కడ పట్టీకి ఇంకొంచెం గుడ్డ వదలాలి. పైజామాకు ఒక కాలికే కాగితం గీసుకోవాలి. రెండో కాలికి ఆ కాగితాన్నే తిరగేసి పెట్టాలి. తిరగేయకపోతే రెండూ ఒకే కాలివి అవుతాయి.

విసనకర్రకు లెక్క ఇంకా తేలిక. ఒక అంగుళం కుచ్చి రావాలంటే మూడు అంగుళాల గుడ్డ కావాలి. పైన ఒక పొర, లోపల రెండు పొరలు. 12 కుచ్చిళ్లు పెట్టాలంటే 36 అంగుళాల గుడ్డ. కుచ్చిళ్లు పెట్టాక టాకాలు వేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు మిషను మీద కుట్టాలి.

కాగితం మీద రాయాల్సినవి

కత్తిరించిన కాగితం మీద కొన్ని మాటలు రాసి పెట్టుకోవాలి. ఏ పిల్లదో పేరు. కొలిచిన తేదీ. ముందా, వెనకా. మడత మీద పెట్టాల్సిన అంచు దగ్గర "మడత" అని. కుట్టుకి ఎంత కలిపామో ఆ అంకె. ఇవి రాయకపోతే ఏడాది తర్వాత అవి వట్టి పేపరు ముక్కలే.

మా అమ్మ గీసిన ఆదులు ఇంకా మా పెట్టెలో ఉన్నాయి. వాటి నిండా గుండుసూది రంధ్రాలు. ఒకదాని మీద వంకర అక్షరాలతో "ముందు" అనీ, "మడత" అనీ ఉంటుంది. పలక, పుస్తకం దాటి మా అమ్మ రాసిన మొదటి మాటలు అవే.

ఒక ఆది, నలుగురు పిల్లలు

ఒక ఏడాది మా పక్కింటి పిల్ల డాన్సు మానేస్తానంది. కారణం డ్రెస్సే. ఆ పిల్ల మా అక్క కన్నా పెద్దది. ఛాతీ 28 అంగుళాలు. అక్క కాగితం 24 కొలతది. అమ్మ లెక్క వేసింది. తేడా 4 అంగుళాలు. భాగాలు 4. ఒక్కో భాగానికి ఒక అంగుళం పెంచితే సరి. భుజం, మెడ మాత్రం విడిగా కొలిచి దిద్దింది. అవి ఛాతీ పెరిగినంత పెరగవు. వాళ్లమ్మ తన పాత చీర తెచ్చింది. మూడు సాయంత్రాల్లో డ్రెస్సు తయారైంది. ఆ పిల్ల ముందు వరసలో నిలబడి డాన్సు చేసింది. ఆ కాగితం అలా నాలుగు ఇళ్లు తిరిగింది.

ఇలా చిన్నా పెద్దా సైజుల్లో కాగితపు ఆదులు అమ్మవచ్చని అమెరికాలో ఒక దర్జీకి తోచింది. ఆయన పేరు ఎబినీజర్ బటరిక్. తన పిల్లవాడికి బట్టలు కుట్టే అవసరం నుంచే ఆయన భార్యకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1863లో వాళ్లు అమ్మకం మొదలుపెట్టారు. దర్జీ దగ్గరికి పోలేని తల్లులు వాటిని కొని ఇంట్లోనే కుట్టుకున్నారు.

పాత చీర తీసేటప్పుడు

చీరను వెలుతురుకు పట్టి చూడండి. పట్టుచీర చాలాకాలం ఒకే మడతలో ఉంటే ఆ మడతల దగ్గర చివికిపోతుంది. గట్టిగా ఉన్న భాగం పైజామాకు వాడండి. లాగుడు ఎక్కువ పడేది అక్కడే. కొంచెం మెత్తబడిన భాగం పైటకు పనికొస్తుంది. చీర అంచు పైజామా కాళ్ల చివరా, విసనకర్ర చివరా వచ్చేలా కాగితం పెట్టండి. లోపల వేసే కొత్త నూలు లైనింగు గుడ్డను ముందే నీళ్లలో తడిపి ఆరబెట్టండి. లేకపోతే ఉతికాక అది కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది.

పిల్లలు ఏడాదికి సుమారు రెండు అంగుళాలు ఎత్తు పెరుగుతారు. అందుకని పైజామా కింద రెండు మూడు అంగుళాలు లోపలికి మడిచి కుట్టండి. జాకెట్టు పక్కల్లో కూడా గుడ్డ వదలండి. మరుసటి ఏడాది కుట్టు విప్పి వదులు చేస్తే అదే డ్రెస్సు మళ్లీ వస్తుంది.

మీ ఊరి బడిలో వార్షికోత్సవం ఎప్పుడో కనుక్కోండి. ఇంకా నెల రోజులు ఉండగానే మీ పాపను అరమండిలో నిలబెట్టి కొలతలు తీయండి. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, కాలు, కాళ్ల మధ్య కొలత. ఒక నోటుబుక్కులో పేరు, తేదీ వేసి రాసుకోండి. మీకు మిషను రాకపోతే వచ్చినవాళ్లకు ఆ కాగితం ఇవ్వండి. మీ వీధిలో "నాకు డాన్సంటే ఇష్టం లేదు" అన్న పిల్ల ఎవరైనా ఉంటే, ఆ పిల్ల కొలతలు కూడా పక్క పేజీలో రాయండి.