సబ్జెక్టు ఎంచుకున్నది అమ్మాయా, ఆఖరి బస్సా?

మా అక్కకి అరిసెల పాకం ఎప్పుడు దించాలో తెలిసినంత బాగా డిగ్రీ కాలేజీ సంగతులు తెలియవు. ఆ మాటకొస్తే నాకూ అంతంత మాత్రమే. అయినా 2024 సంక్రాంతికి మా ఇంట్లో మూడు రోజులూ నడిచిన చర్చ అరిసెల గురించి కాదు, ‘మైనర్’ గురించి!

మైనర్ అంటే పెళ్ళీడు రాని పిల్ల వ్యవహారమేదో అనుకునేరు. కాదండీ. అది డిగ్రీలో ఒక సబ్జెక్టు. మనం చదువుకున్న రోజుల్లో బీఎస్సీ అంటే మూడు సబ్జెక్టులు. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక గ్రూపు. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఇంకో గ్రూపు. మూడూ సమానమే. మన రాష్ట్రంలో డిగ్రీకి సెమిస్టర్లు 2015-16లో వచ్చాయి. ఆ తర్వాత 2023-24లో చేరిన పిల్లలకి పద్ధతి మళ్ళీ మార్చారు. ఒకటే ప్రధాన సబ్జెక్టు, అది మేజర్. దానికి తోడుగా ఇంకొకటి, అది మైనర్. మొదటి సెమిస్టర్‌లో సైన్సు పిల్లలందరికీ లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిపి కొంత కొంత రుచి చూపించి, రెండో సెమిస్టర్ నుంచి మైనర్ మొదలుపెట్టారు.

మా అక్క కూతురు ఆ ఏడాదే చేరింది. వాళ్ళది పిడుగురాళ్ళ పక్కన పల్లెటూరు. సున్నపు బట్టీల మధ్య పెరిగిన పిల్ల. తెల్లగా గట్టిగా ఉన్న రాయిని కాలిస్తే అది సున్నమెలా అవుతుంది, నీళ్ళు పోస్తే సలసలా ఎందుకు మరుగుతుంది అని చిన్నప్పటి నుంచీ దానికి ఒకటే ఆరా. ఇంటర్లో ఎంపీసీ చదివింది. ఇంజనీరింగ్ పరీక్షలో ర్యాంకు బాగా రాలేదు. ఇంట్లో అందరూ దిగాలుపడితే ఇది మాత్రం, “పోనీలే పిన్నీ, నాకు కెమిస్ట్రీ చదువుకునే వీలు దొరికింది” అంది. ఆ మాట నాకు భలే నచ్చింది. నరసరావుపేటలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ మేజర్‌గా తీసుకుంది.

1950లో ఇక్కడ ఎస్.ఎస్.ఎన్. కాలేజీ పెట్టిన దగ్గర్నుంచీ పల్నాటి పిల్లలు చాలామందికి పైచదువంటే నరసరావుపేట బస్సెక్కడమే. 2022లో పల్నాడు జిల్లా అయ్యాక ఇది జిల్లా కేంద్రం కూడా. పొద్దున్నే బస్టాండుకి వెళ్ళి చూడండి, పుస్తకాల సంచులతో దిగే ఆడపిల్లల్ని చూస్తే కడుపు నిండిపోతుంది.

తలా ఒక మాట

సరే, చర్చలోకొద్దాం. పండగ వెళ్ళగానే మైనర్ ఏదో రాసివ్వాలట. వాళ్ళ కాలేజీలో ఇచ్చిన జాబితాలో ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్స్, ఎకనామిక్స్ ఉన్నాయి.

“ఆలోచించేదేముంది, కంప్యూటర్స్ రాయి. ఈ రోజుల్లో కంప్యూటర్ రాకపోతే ఉద్యోగమెవడిస్తాడు?” అన్నారు మా బావగారు.

“ఎకనామిక్స్ తీసుకోవే. హాయిగా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు” అంది మా అక్క.

“మ్యాథ్స్ తీసుకుంటే దేనికైనా పనికొస్తుంది” అన్నారు మా వారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

పిల్ల ఏమీ మాట్లాడలేదు. గారెలు వేయిస్తుంటే నా పక్కకొచ్చి నిలబడి మెల్లిగా, “నాకు ఫిజిక్స్ తీసుకోవాలని ఉంది పిన్నీ” అంది.

“ఎందుకని?”

“బళ్ళో పీఎస్ టీచరు కావాలని ఉంది. పీఎస్ టీచరంటే ఫిజిక్సూ చెప్పాలి, కెమిస్ట్రీ కూడా చెప్పాలి. ఒక్క కెమిస్ట్రీయే చదివితే పిల్లలు కటకం గురించి అడిగితే ఏం చెప్తాను?”

చూశారా! పెద్దవాళ్ళం నలుగురం మా మా అభిప్రాయాలు చెప్పాం గానీ, ‘నువ్వేం కావాలనుకుంటున్నావు’ అని ఒక్కరమూ అడగలేదు.

ఆ రాత్రే దాన్ని కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం ఇచ్చాను. ఒక్కో సబ్జెక్టు పేరు రాసి, అది తీసుకుంటే ముందుకు ఏ తలుపు తెరుచుకుంటుంది, తీసుకోకపోతే ఏ తలుపు మూసుకుంటుంది రాయమన్నాను. తెలియనివి లెక్చరర్లని, పై తరగతి పిల్లల్ని అడిగి తెలుసుకోమన్నాను. ఫోనుల్లో అడిగి అది తెచ్చిన సంగతులు వింటే నాకే ఆశ్చర్యం వేసింది.

బీఈడీలో చేరేటప్పుడు డిగ్రీలో ఏం చదివారో చూసే ఏ సబ్జెక్టు బోధించడానికి శిక్షణ ఇవ్వాలో నిర్ణయిస్తారు. టీచర్ కావాలనుకునే పిల్ల డిగ్రీలో సబ్జెక్టు వదిలేసి తర్వాత చింతిస్తే లాభం లేదు. ఇక మా బావగారి కంప్యూటర్ బెంగ. ఎంసీఏలో చేరాలంటే ఇంటర్లో గానీ డిగ్రీలో గానీ లెక్కలు చదివి ఉండాలన్నది సాధారణంగా ఉండే నిబంధన. ఇది ఇంటర్లో ఎంపీసీ చదివిందాయె. అంటే రేపు మనసు మారినా, డిగ్రీ అయ్యాక ఐసెట్ రాసి ఎంసీఏకి వెళ్ళొచ్చు. ఆ తలుపు ఎటూ పోలేదు. ఆ సంగతి చెప్పగానే బావగారు, “అయితే సరే, దానిష్టం” అనేశారు.

అక్క మాత్రం ససేమిరా అంది.

అసలు కారణం

“ఫిజిక్స్ కష్టం” అంది. పిల్ల మార్కులు చూపించింది. “ఆడపిల్లకి అంత కష్టమైన చదువెందుకు” అంది. కెమిస్ట్రీ మాత్రం తేలికా అన్నాను. “నీకేం తెలుసు, నువ్వూరుకో” అని నన్ను కసిరింది. చివరికి రాత్రి పిల్లలు నిద్రపోయాక, పక్కలు వేసుకుంటూ చెప్పింది.

“కెమిస్ట్రీ లాబు రోజే ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతోంది. రెండు బస్సులు మారాలి. రెండో బస్సు దిగి మా ఊళ్ళోకి కిలోమీటరు పైన నడవాలి. ఇప్పుడు ఫిజిక్స్ లాబు కూడా అంటే ఇంకో రోజు. నేను ఆ రోడ్డు మీద టార్చిలైటు పట్టుకుని ఎన్నాళ్ళు నిలబడనే?”

నాకు నోట మాట రాలేదు. అక్క బాధ అర్థమైంది. అంతకన్నా ఎక్కువగా, ఇరవై ఏళ్ళ నాటి నా సంగతి గుర్తొచ్చింది.

నేను 2002లో పదో తరగతి పాసయ్యాను. మాది గురజాల వైపు పల్లె. లెక్కల్లో నాకు తొంభై రెండు. మా మాస్టారు ఇంటికొచ్చి మరీ ఎంపీసీలో చేర్పించమన్నారు. నాన్న తల ఊపి, తీసుకెళ్ళి సీఈసీలో చేర్పించారు. ఎందుకని అడిగితే, “ఆడపిల్లవి, నీకు లెక్కలెందుకమ్మా” అన్నారు. అంతే. ఆ తర్వాత బీఏ, ఆ తర్వాత పెళ్ళి. నేను కథలు రాసుకునే మనిషినయ్యానంటే నాకేం చింత లేదు. కానీ చాలా ఏళ్ళపాటు, నాకు లెక్కలు రావనే అనుకున్నాను. తొంభై రెండు మార్కుల సంగతి మర్చిపోయాను. చీటీ డబ్బుల లెక్క కూడా మా వారినే చూడమనేదాన్ని. మా అమ్మాయి ఆరో తరగతి లెక్క తెచ్చి అడిగితే, “నాన్ననడుగు” అనేదాన్ని.

నాన్న పోవడానికి ఏడాది ముందు, అరుగు మీద కూర్చుని ఏదో మాట్లాడుతూ అన్నారు: “నీకు లెక్కలు రావని కాదమ్మా. ఎంపీసీ వాళ్ళకి లాబులయ్యేసరికి సాయంత్రమయ్యేది. మన ఊరికి సాయంత్రం బస్సు ఆ ఏడాదే తీసేశారు. సీఈసీ వాళ్ళని మధ్యాహ్నానికే వదిలేసేవాళ్ళు.”

బస్సు! నేను ఇన్నేళ్ళూ నా బుర్రలో లేదనుకున్నది, నిజానికి మా ఊరి రోడ్డు మీద లేదు.

ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే నేనేమీ ఎంపీసీలో చేరి ఉండేదాన్ని కాదేమో. బస్సు లేకపోతే లేదు. కానీ ‘నాకు రాదు’ అనుకోవడం వేరు, ‘నాకు వీలు కాలేదు’ అనుకోవడం వేరు. మొదటిది మనిషిని లోపల్నుంచి చిన్నబుచ్చుతుంది. రెండోది వీలు దొరికిన రోజున మళ్ళీ మొదలుపెట్టిస్తుంది.

ఇదంతా ఆ రాత్రి అక్కకి చెప్పాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే లేచి, కల్లాపి చల్లుతున్న కూతురి దగ్గరికెళ్ళి, “నీకు ఫిజిక్స్ రాదని కాదే. చీకటి పడుతుందని నా భయం” అంది. పిల్ల బక్కెట్టు కింద పెట్టి, “ఇంతేనా అమ్మా? ఈ మాట ముందే చెప్పొచ్చుగా!” అంది.

బస్సు సమస్యకి సబ్జెక్టు మార్చడమెందుకు, బస్సు సంగతి చూసుకుంటే సరిపోతుంది కదా! లాబు ఉన్న రెండు రోజులూ మా ఇంట్లో పడుకునేటట్టు ఏర్పాటు చేసుకున్నాం. మాది రెండు గదుల ఇల్లే. అయితేనేం, మా అమ్మాయికి తోడు దొరికింది. ప్రాక్టికల్ రికార్డులన్నీ మా వంటింటి బల్ల మీదే రాసింది. ఒకరోజు పప్పులో తాలింపు వేస్తుంటే, ఆవాలు చిటపటమనడానికి కారణం లోపలి తడి ఆవిరై గట్టి తొక్కని బద్దలు చేయడమేనని చెప్పింది. పాతికేళ్ళుగా తాలింపు పెడుతున్నాను, నాకెప్పుడూ ఆ ఆలోచనే రాలేదు!

ఒక తెలుగు తల్లి లెక్క

ఇంటి పరిస్థితులు చూసుకోకూడదని నేననడం లేదు. చూసుకోవాలి. ఎలా చూసుకోవాలో అయ్యలసోమయాజుల లలిత కథ చెబుతుంది. 1919లో మద్రాసులో తెలుగు ఇంట పుట్టారావిడ. పదిహేనో ఏట పెళ్ళయింది. పద్దెనిమిదో ఏట భర్త పోయారు. ఒళ్ళో నాలుగు నెలల ఆడపిల్ల. మళ్ళీ చదువు మొదలుపెట్టి, ఇంటర్ అయ్యాక ఏం చదవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆవిడా ఇంటి లెక్కే వేసుకున్నారు. డాక్టరు చదివితే అర్ధరాత్రీ అపరాత్రీ అని లేకుండా పరుగెత్తాలి, పసిబిడ్డతో కుదరదు అనుకున్నారు. అనుకుని చదువు మానేశారా? లేదు, ఇంజనీరింగ్ ఎంచుకున్నారు! తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ప్రొఫెసరు. ఆయన అధికారులతో మాట్లాడి సీటు వచ్చేలా చూశారు. 1943లో లలిత గారు పట్టా పుచ్చుకున్నారు. మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు ఆవిడే. పట్టా మీద అచ్చులో ఉన్న మగవాళ్ళ మాటని కొట్టేసి ఆడవాళ్ళ మాట చేత్తో రాయాల్సి వచ్చిందట. తర్వాత భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లోనూ ఆవిడ చెయ్యి ఉంది. మా మాచర్ల దగ్గర నాగార్జునసాగర్ చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా, ఆ కరెంటు తీగల్ని చూస్తే నాకు ఆవిడే గుర్తొస్తారు.

ఇబ్బందిని ఇబ్బంది అని పైకి చెప్పుకున్నారు. అందుకే దానికి తగ్గ దారి వెతుక్కోగలిగారు.

మళ్ళీ మా ఇంట్లో

ఇప్పుడు ఈ మాటలన్నీ ఎందుకంటే, 2025లో మా అమ్మాయి పదో తరగతి అయింది. మళ్ళీ అదే చర్చ, ఈసారి ఇంటర్ గ్రూపు గురించి. ఆ ఏడాదే ఇంటర్ బోర్డు మార్పులు తెచ్చింది. లెక్కల్లో ఏ, బీ అని రెండుగా ఉండే పేపర్లని కలిపి ఒకటి చేశారు. బాటనీ, జువాలజీ కలిపి బయాలజీ చేశారు. లెక్కలూ బయాలజీ రెండూ చదువుకునేలా ఎంబైపీసీ పెట్టారు. ఎంపీసీనా, బైపీసీనా అని పదిహేనేళ్ళ పిల్ల అటో ఇటో ఒక తలుపు మూసేసుకోవాల్సిన అవసరం కొంత తగ్గింది. ఆ తర్వాత కూడా దారులు బొత్తిగా మూసుకుపోవు. బీఫార్మసీ మొదటి సెమిస్టర్‌లో బైపీసీ నుంచి వచ్చినవాళ్ళకి లెక్కలు, ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళకి జీవశాస్త్రం విడిగా నేర్పిస్తారు.

అయితే రెండు పడవల బరువు మోయగలదా అన్నది పిల్ల చెప్పాల్సిన మాట. మా అమ్మాయి బాగా ఆలోచించుకుని, “నాకు ఎంపీసీ చాలమ్మా, కప్పలంటే భయం” అంది. నవ్వేసి సరేనన్నాను. అది దాని కారణం, నాది కాదు.

ఫీజు కట్టలేకపోవచ్చు. హాస్టల్లో ఉంచడం ఇష్టం లేకపోవచ్చు. ముసలి అత్తగారిని చూసుకోవడానికి సాయంత్రం పిల్ల ఇంట్లో ఉండాల్సి రావచ్చు. ఏ ఇంటి బాధ ఆ ఇంటిది. కాకపోతే ఆ కారణాన్ని కారణంగానే పిల్లకి చెప్పండి. ‘నీకు రాదు’ అనే ముసుగు మాత్రం వేయకండి. డబ్బు సంగతైతే స్కాలర్‌షిప్ కోసం అడగొచ్చు, బస్సు సంగతైతే పిన్ని ఇల్లో అత్త ఇల్లో ఉంటుంది. రాదు అన్న మాటకి మాత్రం మందు లేదు.

అన్నట్టు, చీటీ లెక్క ఇప్పుడు నేనే చూస్తున్నాను. నిరుడు మా వారి కూడికలో నూట ఇరవై రూపాయల తప్పు పట్టుకున్నాను కూడా. తొంభై రెండు మార్కులు ఊరికే వస్తాయా మరి!