కంకికి తొందర, కాలువకు ఆలస్యం

ప్రకాశం బ్యారేజీ కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టులో సార్వా (ఖరీఫ్) వరి ఎప్పుడు ఈనుతుందో, ఎప్పుడు కోతకొస్తుందో నారు పోసిన రోజే చాలావరకు ఖాయమవుతుంది. జూన్ చివర నారు పోస్తే 150 రోజుల స్వర్ణ రకం నవంబరు మూడో వారం దాటగానే కోతకొస్తుంది. ఆగస్టుకు జారితే కోత డిసెంబరు ఆఖరుకు పోతుంది. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో అందించిన సాంబ మసూరిదీ దాదాపు ఇదే కాలపరిమితి.

పాతకాలపు సార్వా రకాలు పగటి పొద్దును బట్టి పూతకొచ్చేవి. నాట్లు రెండు మూడు వారాలు అటూఇటూ అయినా, పొద్దు తగ్గే రోజులకు చేలన్నీ ఇంచుమించు ఒక్కసారే ఈనేవి. 1960ల తర్వాత వచ్చిన పొట్టి రకాల్లో చాలావాటికి పొద్దు పట్టింపు తక్కువ, వేడే లెక్క. రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి 10 డిగ్రీలు తీసేసి, మిగిలింది రోజూ కూడుతూ పోతే, ఆ మొత్తాన్ని బట్టి పైరు ఒక దశ నుంచి మరో దశకు మారుతుంది. సగటు 26 డిగ్రీలుండే దాళ్వా (రబీ) పంటలో 125 రోజులకు ఈ మొత్తం 2,000 అవుతుంది. సగటు 27కి పెరిగితే 118 రోజులకే ఆ మొత్తం నిండుతుంది. ఇది కాగితం మీది లెక్కే, రకాన్ని బట్టి చేలో అటూఇటూ అవుతుంది. పంట వారం ముందే చేతికొస్తే మేలే అనిపించవచ్చు. కానీ తగ్గేది పిలకలు తొడిగే రోజులు, గింజ పాలు పోసుకుని గట్టిపడే రోజులు. తాలు పెరుగుతుంది, తూకం తగ్గుతుంది.

రాత్రి వేడి ఇంకా చేటు. పగలు ఆకు తయారుచేసిన ఆహారాన్ని వెచ్చని రాత్రుల్లో మొక్క శ్వాసకే ఎక్కువగా ఖర్చుపెడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, వానలు లేని కాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిపోయినట్టు 2004లో తేలింది. దాళ్వా ఆలస్యమై ఏప్రిల్లో ఈనితే పగటి ఎండ కూడా తోడవుతుంది. 35 డిగ్రీలు దాటిన వేడిలో పుప్పొడి చచ్చి గింజ కట్టదు.

వేడి పైరును ముందుకు తోస్తుంటే నీరు వెనక్కి లాగుతుంది. కృష్ణ వరద ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ నిండాక గానీ విజయవాడకు రాదు. ఎగువన వానలు వెనకబడిన ఏడు మృగశిర కార్తెలో పోయాల్సిన నారు పుష్యమికి, ఊడ్పులు మఖకు జారతాయి. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల ఈ చిక్కుకే మందు. గోదావరి నీరు పోలవరం కుడి కాలువ గుండా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. జూన్, జూలైలలోనే డెల్టా కాలువలకు నీరు వదిలే వీలు దీనివల్లే కలిగింది. వాతావరణ మార్పు పేరు పెట్టి కట్టింది కాకపోయినా, డెల్టాకు ఇంత సూటిగా పనికొచ్చిన ఏర్పాటు మరొకటి లేదు.

ముందు నాటాలన్న ఆరాటమంతా తుఫాన్ల గురించే. మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న, సరిగ్గా కోతల వేళ, బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పరిచిన పనలు నీళ్లలో నానితే కొద్ది రోజుల్లోనే గింజ మొలకెత్తుతుంది. పడిపోయిన చేలో కంకి మీదే మొలకలొస్తాయి. బురదలో కోత మిషన్ దిగదు. దక్కిన ధాన్యం రంగు మారుతుంది, తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ముందు నాటినా పూర్తి భరోసా లేదు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, అంతకుముందెన్నడూ అంత రాలేదు. పిలకల దశలో రోజుల తరబడి మునిగిన చేలో మళ్లీ నాటాల్సి వస్తే, తప్పించుకున్న ఆలస్యమే తిరిగొస్తుంది.

సార్వా జారితే మినుమూ జారుతుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచిన వరిలోనే మినుము, పెసర చల్లుతారు. నేలలో మిగిలిన పదునే వాటికి ఆధారం. సంక్రాంతి దాటాక చల్లిన చేలో పూత నాటికి పదును ఆరిపోతుంది, ఎండ ముదురుతుంది, తెల్లదోమ పల్లాకు తెగులును మోసుకొస్తుంది.

అందుకే కొందరు ఊడ్పులు మాని నేరుగా వెదజల్లుతున్నారు. పీకి నాటిన దెబ్బ నుంచి మొక్క కోలుకునే రోజులు మిగిలి, కోత వారం పది రోజులు ముందొస్తుంది. కలుపు బాధ మాత్రం ఎక్కువ. నీరు ఆలస్యమైన ఏడు 120 రోజుల ఎంటీయూ 1010 వంటివి వేసుకోవచ్చు, కానీ సాంబ మసూరికి పలికే ధర వాటికి పలకదు. కాలువకు నీరు ఏ తేదీన వదులుతారో మే నెలలోనే కచ్చితంగా చెబితే రైతు దానికి తగిన రకం ఎంచుకోగలడు. జూలైలో చెబితే అప్పటికే విత్తనం కొనేసి ఉంటాడు.