పందెపు బాటకు మేలైన కారు, ఇంటికి మేలైన కారు

విద్యుచ్ఛక్తితో నడచు వేగపు కారులకు రెండు పరీక్షలు కలవు. మొదటిది పందెపు బాట; రెండవది మనుష్యులు ప్రతిదినము తిరుగు త్రోవ. మొదటి దానిలో గెలిచిన కారు రెండవ దానిలోను గెలుచునా? అమెరికా వారి టెస్లా మోడల్ ఎస్ ప్లాడ్, జర్మనీ వారి పోర్షే టైకాన్ అను రెండు కారుల పోటీని పరిశీలించినచో దీనికి సమాధానము దొరకును.

జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ పందెపు బాట 1927లో తెరవబడినది. దాని ఉత్తర వలయము ఒక్క చుట్టునకు 20.832 కిలోమీటర్లు. ఎత్తుపల్లములును మలుపులును అందు మెండుగా నున్నవి. 2021లో ప్లాడ్ ఈ చుట్టును 7 నిమిషముల 35.579 సెకనులలో ముగించెను. 2022లో టైకాన్ టర్బో ఎస్ 7 నిమిషముల 33.35 సెకనులతో దానిని మించెను. 2023లో ప్లాడ్ మరల వచ్చి 7 నిమిషముల 25.231 సెకనులు సాధించెను. 2024 ఆరంభమున ప్రకటింపబడిన టైకాన్ టర్బో జీటీ కాలము 7 నిమిషముల 7.55 సెకనులు.

ప్లాడ్ బలము సుమారు 1,020 అశ్వశక్తి. 2022లో దానిని మించిన టైకాన్ బలము సుమారు 760 మాత్రమే. బలము తక్కువైనది ఎట్లు గెలిచెను? ఒక కారణము వేడిమి. వేగము రెండింతలైనచో గతిజశక్తి నాలుగింతలగును. మలుపుకు ముందు బ్రేకు వేసినపుడు ఆ శక్తిలో కొంత మోటారు ద్వారా విద్యుత్తుగా మారి బ్యాటరీకి చేరును. మిగిలినది బ్రేకులలో వేడిగా మారును. రెండు టన్నులకు మించిన బరువును ఇట్లు మాటిమాటికి ఆపుట సులభము కాదు. 2023లో ప్లాడ్ పది సెకనులు ఆదాచేసినది మోటారు బలమును పెంచి కాదు. వేడికి తాళు కార్బన్ సిరామిక్ బ్రేకులును, పందెమునకు తగిన టైర్లును అమర్చుకొని.

టైకాన్‌లో విద్యుత్ పీడనము 800 వోల్టులు. ప్లాడ్‌లో సుమారు 400. పీడనము రెండింతలైనచో అదే బలమునకు సగము విద్యుత్ ప్రవాహము చాలును. అపుడు అదే తీగెలో పుట్టు వేడి నాలుగవ వంతే యగును. తగిన ఛార్జింగు కేంద్రము దొరికినచో, 2024 నాటి టైకాన్ 10 నుండి 80 శాతము వరకు 18 నిమిషములలో నిండునని తయారీదారులు చెప్పిరి.

ఇక ఇంటి త్రోవ. పైన చెప్పిన 7.55 సెకనుల టర్బో జీటీలో బరువు తగ్గించుటకై వెనుక ఆసనములను తీసివేసిరి. బిడ్డలను బడికి చేర్చవలసిన తల్లిదండ్రులకు అది పనికిరాదు. ప్లాడ్‌లో ఐదుగురు కూర్చుండవచ్చును. సామానులకు చోటును విశాలము. అయినను పందెపు టైర్లు త్వరగా అరుగును, వానలో పట్టు తప్పును. కావున పందెమున గెలిపించిన అమరికయే నిత్యపు త్రోవలో చేటగును.

విద్యార్థులారా! అంకెలను పోల్చునపుడు కొలత ఒక్కటేనా యని మొదట చూడవలెను. 2021లో ప్లాడ్‌కు 7 నిమిషముల 30.909 సెకనులు అను మరియొక కాలమును ప్రకటింపబడినది. అది 20.6 కిలోమీటర్ల కొలతకు చెందినది. దానిని 2022 నాటి టైకాన్ కాలముతో పోల్చినవారికి ఓడినది గెలిచినట్లు కనబడును. కావున ఏ కారైనను గొప్పదని వినినపుడు మూడు ప్రశ్నలు వేయుడు: ఎంత దూరము? ఏ టైర్లతో? ఎందరు కూర్చుండుటకు?