తుఫాను దాటేది ఒకచోట, నీళ్లొచ్చేది ఇంకోచోట

1977 నవంబరు 19 సాయంత్రం తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది మాత్రం అక్కడికి ఈశాన్యంగా అరవై కిలోమీటర్ల అవతలున్న దివిసీమలో. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు సముద్రం పదిహేను అడుగులకు పైగా లేచి, చోటును బట్టి పది పదిహేను కిలోమీటర్ల లోపలికి వచ్చేసింది. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే పదివేల మంది. అనధికారిక లెక్కలు అంతకు చాలా ఎక్కువ చెబుతాయి. పశువులు లక్షల్లో పోయాయి.

దాదాపు యాభై ఏళ్లు గడిచినా, టీవీలో తుఫాను వార్త రాగానే మనం అడిగే మొదటి మాట "ఎక్కడ దాటుతుందట?" అనే. జవాబులో మన ఊరి పేరు వినపడకపోతే ఊపిరి పీల్చుకుని అన్నానికి కూర్చుంటాం. డెల్టా తీరంలో ఇల్లున్నవాళ్లు అలా కూర్చోవడానికి లేదు.

కారణం గాలి తిరిగే తీరులో ఉంది. బంగాళాఖాతంలో పుట్టే తుఫాను గడియారం ముల్లుకు ఎదురుగా సుడి తిరుగుతుంది. అది వెళ్లే దిక్కుకే ముఖం పెట్టి నిలబడ్డామనుకోండి. మన కుడిచేతి పక్క గాలి సముద్రాన్ని నేలమీదికి తోస్తుంది. ఎడమచేతి పక్క నేలమీంచి సముద్రంలోకి వీస్తుంది, అక్కడ ఒక్కోసారి నీరు వెనక్కి కూడా పోతుంది. చీరాల దగ్గర దాటిన తుఫానుకు కుడిచేతి పక్క పడింది దివిసీమ. పైగా కృష్ణ కలిసే చోట సముద్రానికి లోతు తక్కువ. తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేస్తుంది. దానికి పోటు వేళ కూడా తోడైతే చెప్పనక్కర్లేదు.

అందుకని అడగాల్సినవి వేరే. దాటే చోటుకు మనం ఏ పక్కన ఉన్నాం? ఉప్పెన ఎన్ని మీటర్లంటున్నారు? మా ఇంటి గచ్చు ఊరి రోడ్డు కంటే ఎంత ఎత్తు? వాతావరణ శాఖ బులెటిన్‌లో ఉప్పెన ఎత్తు విడిగా చెబుతారు. ఆ అంకె మామూలు పోటు మీద అదనం. రెండు మీటర్లంటే పోటు నీరు ఎక్కడిదాకా వస్తుందో అక్కడి నుంచి ఇంకో రెండు మీటర్లన్నమాట. వార్తల్లో గాలి వేగాన్ని గంటకు వందసార్లు చెప్పి, ఈ ముక్కను కింద పాకే అక్షరాల్లో వదిలేస్తారు. మనుషుల్ని ఎక్కువగా చంపింది గాలి కాదు, నీరు.

గందరగోళం పెట్టేది ఇంకోటుంది, ఓడరేవు హెచ్చరిక నంబర్లు. మచిలీపట్నంలో ఎనిమిదో నంబరు, కాకినాడలో పదో నంబరు అని వినగానే ఎనిమిది కంటే పది భయంకరమని జనం లెక్క వేసుకుంటారు. ఆ నంబర్లు ఓడల కోసం పెట్టినవి. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ ఒకే స్థాయి మహాప్రమాదం. తుఫాను ఆ రేవును ఏ పక్కన ఉంచి దాటుతుందో, లేక రేవు మీదుగానే దాటుతుందో చెప్పడానికే అంకెల్లో తేడా. పదకొండంటే ప్రమాదం ఇంకో మెట్టు ఎక్కిందని కాదు, హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయని అర్థం. పల్లెలో ఇంటికి ఈ నంబర్లతో పెద్ద పని లేదు. పనికొచ్చేది గంటల లెక్క. దుర్వాతావరణం మొదలవడానికి 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు మరొకటి ఇవ్వడం పద్ధతి. ఇంట్లో ఏ పని ఏ హెచ్చరికకు చేయాలో ముందే అనుకుంటే, రెండోది వచ్చేసరికి చేయాల్సింది బయలుదేరడమే.

హెచ్చరిక ప్రాణాలు నిలబెడుతుందనడానికి రుజువు కృష్ణా జిల్లాలోనే ఉంది. 1990 మే 9న మచిలీపట్నం దిగువన దాటిన తుఫాను బలంలో 1977 నాటిదానికి తీసిపోదు. లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపు. అదీ తక్కువేం కాదు, కానీ పదివేలెక్కడ? అన్నిసార్లూ అలా జరగదు. ఆరేళ్లకు, 1996 నవంబరు 6 రాత్రి, కోనసీమ మీద పడింది చిన్న తుఫానే. చుట్టుకొలత తక్కువ, వేగంగా బలపడింది. వెయ్యికి పైగా చనిపోయారు, అందులో వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. కొబ్బరితోటలు తలలు విరిగి మొండాలుగా మిగిలాయి.

ఇప్పుడు హెచ్చరిక సెల్‌ఫోన్‌లోకే వస్తోంది. అయినా కదలనివాళ్లు ఉన్నారు, వాళ్లను మొండివాళ్లని తీసిపారేయడం పట్నంలో కూర్చున్నవాళ్లకు సులువు. నవంబరులో వరి కోతకొస్తుంది. ఏడాది కష్టం పనల మీద పడి ఉంటే ఎవరు ఊరు వదులుతారు? 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటిన మిచాంగ్‌కు నీట మునిగింది అలాంటి పంటే. దానికి తోడు పాడి గేదెలు, దొంగల భయం, కిందటిసారి పిలిస్తే పోయి ఊరికే తిరిగొచ్చిన విసుగు. కుటుంబం మాట్లాడుకోవాల్సింది వీటి గురించి. గేదెల్ని మెరకకు ఎవరు తోలాలి? అంత వ్యవధి లేకపోతే పలుపు విప్పేయాలి. 1977లో కట్టుతాళ్లతోనే మునిగిన పశువులకు ఆ అవకాశం కూడా లేకపోయింది. పనలు తడిస్తే మొలకెత్తకుండా లీటరు నీటికి యాభై గ్రాముల ఉప్పు కలిపి చల్లమని వ్యవసాయాధికారులు చెబుతారు. అది ఊరు తేరుకున్నాక చేసే పని, దానికోసం పొలంలో కాపలా ఉండనక్కర్లేదు.

కొత్తగా వచ్చిన చిక్కు స్లాబు ఇళ్లు. తాటాకు ఇంట్లో ఉన్నప్పుడు మనిషికి భయం ఉండేది, కదిలేవాడు. స్లాబు కింద గాలికి నిశ్చింత. నిజమే, గాలికి. రోడ్డుతో సమానంగా గచ్చు వేసి, పైకి మెట్లు కూడా పెట్టని ఒకంతస్తు ఇల్లు ఉప్పెనకు ఏ రక్షణా కాదు. మెట్లు కట్టించే ఖర్చు చాలామంది గేటు మీద పెడుతున్నారు.

సర్దుకోవాల్సింది ఒక సంచీకి మించదు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి పెట్టాలి. బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా ఉండాలి. నెలల పిల్లలుంటే పాలపొడి. టార్చి, ఛార్జి చేసిన ఫోను ఎలాగూ ఉండాలి. తాగేనీరు మూత ఉన్న బిందెల్లో ముందురోజే పట్టాలి. ఉప్పెన తర్వాత బావి నీరు ఉప్పు కశం, చేతిపంపు నీటినీ నమ్మలేం. మధ్యలో గాలి ఉన్నట్టుండి ఆగితే అది తుఫాను కన్ను నెత్తిమీదికి వచ్చిందనడానికి గుర్తు కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్లీ మొదలవుతుంది. పైకప్పు చూసుకోవడానికి అప్పుడు బయటికి రాకూడదు.

ఇక పునరావాస కేంద్రం. 1977 తర్వాత తీరం పొడవునా స్తంభాల మీద తుఫాను షెల్టర్లు కట్టారు. కొన్నింట్లో బడి నడుస్తోంది, కొన్నింట్లో బస్తాలుంటాయి, కొన్నింటికి తాళం. మరుగుదొడ్డి లేని చోటికి ఆడవాళ్లు పోనంటే తప్పు వాళ్లది కాదు. తాళం ఎవరి దగ్గరుంది, జనరేటరులో డీజిలు పోసేదెవరు, నడవలేని ముసలమ్మను మంచంతో మోసేదెవరు? ఇవన్నీ వాన మొదలయ్యాక విపత్తు సహాయ నంబరు 1070కి ఫోన్ చేసి తెలుసుకునేవి కావు. అక్టోబరు 2న గ్రామసభ ఉంటుంది, మన తీరానికి తుఫానుల అసలు కాలం మొదలయ్యేదీ ఆ నెలలోనే. పింఛన్లు, రోడ్ల మాటలయ్యాక, తీర్మానాల పుస్తకం మూయకముందే సర్పంచిని అడగాలి.